గ్లాసా, ఫిల్మా: తేల్చేది జిగురే

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో గానీ, విజయవాడ బీసెంట్ రోడ్డులో గానీ కొత్త ఫోన్ చేత పట్టుకుని కొట్టు ముందు ఆగితే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, టెంపర్ వేయాలా, లామినేషన్ వేయాలా?" టెంపర్ అంటే గాజు పలక. లామినేషన్ అంటే వంగే ప్లాస్టిక్ ఫిల్మ్. చాలామంది ఆ ప్రశ్నకు ధర చూసో, డబ్బా మీది అంకె చూసో, పక్కవాడి ఫోన్ చూసో జవాబు చెప్పేస్తారు. డిస్‌ప్లే మార్చాలంటే వేలల్లో ఖర్చయ్యే ఈ రోజుల్లో అర నిమిషంలో ముగించాల్సిన నిర్ణయం కాదిది.

ఏది గట్టిది, ఏది పగలదు, ఏది మెరుస్తుంది అంటూ ఈ రెంటి మీద జరిగే వాదనంతా పైపొర చుట్టూనే తిరుగుతుంది. వాదన మొదలవ్వాల్సింది అక్కడ కాదని నా అభిప్రాయం. టచ్ సాఫీగా పనిచేస్తుందా, వేలిముద్ర పడుతుందా, అంచులు లేస్తాయా, దుమ్ము దూరుతుందా, తీసేటప్పుడు తెర క్షేమంగా ఉంటుందా అన్నవాటిలో ఎక్కువ భాగాన్ని నిర్ణయించేది కింద ఉన్న జిగురు. కొట్టువాడు చెప్పనిదీ, కొనేవాడు అడగనిదీ దాని గురించే.

ముందు రెండు సరుకుల స్వభావం చూద్దాం. టెంపర్డ్ గ్లాస్ మందం సాధారణంగా 0.33 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మంచి రకం పలకను సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచుతారు. గాజు పైభాగంలోని సోడియం అయాన్లు బయటికి పోయి, వాటికన్నా పెద్దవైన పొటాషియం అయాన్లు ఆ చోట్లలోకి వస్తాయి. ఇద్దరు కూర్చునే సీట్లో ముగ్గురు సర్దుకున్నట్టు ఉపరితలమంతా ఒత్తిడితో బిగిసిపోతుంది. పగులు మొదలవ్వాలంటే ముందు ఆ బిగువును గెలవాలి. 2007లో తొలి ఐఫోన్‌తో జనంలోకి వచ్చిన కార్నింగ్ కంపెనీ గొరిల్లా గ్లాస్ వెనక ఉన్న సూత్రమూ ఇదే.

ఫిల్మ్ సంగతి వేరు. ఇవాళ మంచి ఫిల్మ్ అంటే టీపీయూ, అంటే సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే ప్లాస్టిక్. హైడ్రోజెల్ పేరుతో అమ్మేదీ చాలావరకు ఇదే. మందం మిల్లీమీటరులో పదోవంతు నుంచి అయిదోవంతు దాకా ఉంటుంది. గాజు బిగువుతో ఎదిరిస్తే, ఫిల్మ్ సాగి సర్దుకుంటుంది. ఈ ఒక్క తేడా నుంచే మిగతా తేడాలన్నీ పుడతాయి.

గీతల విషయం తీసుకుందాం. గాజు డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో కనిపించే మాట 9హెచ్. ఇది వజ్రానికి పది మార్కులిచ్చే మోస్ కొలమానంలోని తొమ్మిది కాదు. పెయింట్లు, పూతల గట్టిదనాన్ని పెన్సిళ్లతో గీసి చూసే పరీక్షలో చివరి పెన్సిల్ పేరు అది. మామూలు గాజు కూడా పెన్సిల్ గీతకు లొంగదు కాబట్టి ఆ అంకె ఒక గ్లాసుకీ ఇంకో గ్లాసుకీ తేడా చెప్పలేదు. మోస్ లెక్కలో గాజు అయిదున్నర, ఆరు దగ్గర ఉంటే, ఇసుకలోని క్వార్ట్జ్ ఏడు దగ్గర ఉంటుంది. అందుకే జేబులోని నాణేలూ ఇత్తడి తాళంచెవులూ గాజును పెద్దగా ఏమీ చేయలేవు. విశాఖ బీచ్ నుంచి జేబులో వెంటవచ్చిన నాలుగు ఇసుక రేణువులు చేస్తాయి. డబ్బాల మీద వేసే పదకొండు డి, ఇరవై ఒకటి డి అనే అంకెలు మరీ అన్యాయం. వాటికి ఏ కొలతా ఆధారం కాదు.

ఫిల్మ్ మీద గీత త్వరగానే పడుతుంది. కానీ సన్నని గీతైతే కాసేపట్లో, చేతి వెచ్చదనానికి ఇంకా తొందరగా, మాయమవుతుంది. నొక్కుకుపోయిన ప్లాస్టిక్ మళ్లీ పైకి లేస్తుందంతే. గోటితో గట్టిగా నొక్కి గీసి, ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూస్తే ఆ గాడి మెల్లగా పూడుకోవడం కంటికి కనిపిస్తుంది. పదునైన మొన దిగి ప్లాస్టిక్ తెగితే మాత్రం ఆ గాయం మానదు. రోజువారీ సన్నగీతల్లో ఫిల్మ్‌ది పైచేయి. లోతుగా దిగే మొనల ముందు గాజుది.

దెబ్బల విషయంలో గాజు పక్షాన గట్టి వాదనే ఉంది. అది తెలియాలంటే 1921లో అచ్చయిన ఒక పరిశోధన దగ్గరికి వెళ్లాలి. గాజు తన అసలు శక్తికి ఎంతో తక్కువ బలానికే ఎందుకు పగులుతుందో అందులో ఎ.ఎ. గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజనీరు వివరించాడు. కంటికి కనిపించనంత చిన్న బీటలు ఉపరితలం మీద ఉంటాయి. బలమంతా వాటి కొసల దగ్గర పోగై, పగులు అక్కడి నుంచి పాకుతుంది. దీన్ని ఫోన్‌కి అన్వయిస్తే గీత, పగులు రెండు వేర్వేరు సమస్యలు కావని తేలుతుంది. ఇవాళ్టి గీతే రేపటి పగులుకు మొదలు. కాబట్టి తెర మీద గీత పడనివ్వని ఏ పొరైనా, గాజైనా ఫిల్మైనా, దాని బలాన్ని కాపాడినట్టే. తారు రోడ్డు మీద బోర్లా పడినప్పుడు కంకర మొన నేరుగా తెరను పొడవకుండా ఆపడంలో మాత్రం ఫిల్మ్ కన్నా గాజు పలక ఎంతో మేలు. ఆ మొన గుచ్చే గాయాన్ని తాను తీసుకుని పగులుతుంది.

ఇక్కడ గాజు అభిమానులకు ఒక మాట చెప్పాలి. "టెంపర్ పగిలింది, డిస్‌ప్లే బతికింది" అని అందరూ సంతోషంగా చెప్పుకుంటారు. టెంపర్ లేకపోతే డిస్‌ప్లే పగిలేదే అన్నది మాత్రం దాన్నిబట్టి రుజువు కాదు. ఆ పలుచని పలక, అందులోనూ అంచుల దగ్గర, తెరకు ఏమీ కాని చిన్న తాకిడికే చిట్లుతుంది. మూల మీద పడిన ఫోన్‌ని కాపాడేది ప్రధానంగా బ్యాక్ కేసు అంచు. ముందు గ్లాసుకి ఖర్చుపెట్టి కేసు మానేసేవారు సగం రక్షణే కొంటున్నారు.

ఇక జిగురు దగ్గరికి వద్దాం. చవక గ్లాసులు కొన్నింటికి జిగురు చుట్టూ నల్లని అంచు మీదే ఉంటుంది, మధ్యలో గాలి. గాలి నుంచి గాజులోకి, గాజు నుంచి గాలిలోకి వెలుతురు దాటే ప్రతిచోటా సుమారు 4 శాతం ప్రతిఫలిస్తుంది. మధ్యలో గాలి పొర ఉంటే అలాంటి సరిహద్దులు రెండు పెరిగి, దాదాపు మరో 8 శాతం వెలుతురు వెనక్కి కొడుతుంది. ఎండలో తెర వెలవెలబోతుంది, టచ్ మొద్దుబారుతుంది. అదే గ్లాసుకు ఫుల్ గ్లూ, అంటే పలకంతా జిగురు ఉంటే, ఆ గాలి పొర ఉండదు. పైన గాజు అదే. కింద జిగురు మారగానే చూపూ స్పర్శా మారిపోయాయి. ఫిల్మ్‌కు ఈ బాధ మొదటి నుంచీ లేదు, ఎందుకంటే అది అంచు నుంచి అంచుదాకా అతుక్కునేలా తయారవుతుంది.

వేలిముద్ర విషయంలో ఇది ఇంకా స్పష్టమవుతుంది. తెర కింద అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉన్న ఫోన్లు శబ్ద తరంగాలతో వేలి గీతలను చదువుతాయి. దారిలో గాలి ఉంటే ఆ తరంగాలు తిరిగిపోతాయి. అందుకే అలాంటి ఫోన్లకు జిగురు ఖాళీలేకుండా పరుచుకున్న పలుచని ఫిల్మ్ బాగా నప్పుతుంది. 2019లో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 ఉదంతం గుర్తుంచుకోదగ్గది. కొన్ని సిలికాన్ కవర్ల లోపలి నమూనానే సెన్సర్ వేలిముద్రగా నమ్మి, ఎవరి వేలికైనా ఫోన్ తెరిచేసింది. బ్రిటన్‌లో ఇది బయటపడ్డాక కంపెనీ సాఫ్ట్‌వేర్ సరిచేసింది. పైపొర ఏది వేసినా పాత వేలిముద్రలు చెరిపి కొత్తగా నమోదు చేసుకోవాలి. యూపీఐతో డబ్బు తిరిగే ఫోన్‌లో ఈ జాగ్రత్త మరీ అవసరం.

వంపు తెరల దగ్గర గాజు వెనకబడుతుంది. బిరుసుగా ఉండే పలక వంపు వెంట నమ్మకంగా అతుక్కోదు. దానికి మార్కెట్ కనిపెట్టిన ఉపాయం యూవీ గ్లాస్: ద్రవంగా ఉన్న జిగురు పోసి, గ్లాస్ పెట్టి, అతినీలలోహిత దీపంతో గట్టిపరచడం. బాగా కుదిరితే స్పష్టతలో దీనికి సాటిలేదు. కానీ గట్టిపడేలోపు ఆ ద్రవం స్పీకర్ జాలీలోకి, మైకు రంధ్రంలోకి, బటన్ సందుల్లోకి పాకవచ్చు. అక్కడ గట్టిపడితే తీయడం కష్టం. కొన్ని ఫోన్ కంపెనీలు దీని మీద హెచ్చరించాయి కూడా. ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకునేకంటే వంపు తెరకు టీపీయూ ఫిల్మ్ వేయించుకోవడమే తెలివైన పని.

రెండూ వేయకూడని చోట్లూ ఉన్నాయి. మడత ఫోన్ల తెర మీద కంపెనీయే అతికించిన పొర తెరలో భాగం. 2019 ఏప్రిల్‌లో గెలాక్సీ ఫోల్డ్‌ను ముందుగా అందుకున్న విలేకరుల్లో కొందరు దాన్ని మామూలు స్క్రీన్ గార్డ్ అనుకుని ఊడబీకితే తెరలు పాడయ్యాయి, విడుదలే సెప్టెంబరుకు వాయిదా పడింది. ఇక 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 అల్ట్రా లాంటి ఫోన్లలో గాజే ప్రతిఫలనాన్ని తగ్గించేలా తయారై ఉంటుంది. దాని మీద మామూలు గ్లాస్ వేస్తే డబ్బిచ్చి కొన్న ఆ గుణాన్ని మనమే కప్పేసుకున్నట్టు.

అతికించే పనిలో రెంటి మధ్య తేడా ఒక్క దుమ్ము రేణువు దగ్గర తెలుస్తుంది. గాజు కింద రేణువు పడితే పలక వంగదు కాబట్టి రేణువు చుట్టూ గుండ్రని పెద్ద గాలి వలయం ఏర్పడుతుంది. ఎంత నొక్కినా అది పక్కకు జరుగుతుంది తప్ప పోదు. ఫిల్మ్ కిందైతే ప్లాస్టిక్ రేణువు మీద ఒదిగి, చిన్న పొక్కులా మాత్రమే కనిపిస్తుంది. అలాగని ఫిల్మ్ వేయడం తేలికని కాదు. గాజును సూటిగా దించితే జిగురు మధ్య నుంచి అంచులకు దానంతటదే పాకుతుంది. మెత్తటి ఫిల్మ్ చేతిలోనే ముడుచుకుంటుంది, కాస్త వంకరగా పడితే సాగదీసి సరిచేయాలని చూసి పాడుచేస్తాం. దుమ్ము విషయంలో ఫిల్మ్ క్షమిస్తుంది. గురి విషయంలో గాజు క్షమిస్తుంది.

ఇంట్లో వేసుకునేవారికి పద్ధతి రెంటికీ ఒకటే. ఫ్యాను ఆపాలి. కుదిరితే అప్పుడే స్నానం ముగిసిన గదిలో కూర్చోవాలి, ఆవిరికి గాలిలోని దుమ్ము అణుగుతుంది. ఫోన్ ఆపి, ఆల్కహాల్ తడిగుడ్డతో జిడ్డు తీసి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, చివర్లో దుమ్ము తీసే స్టిక్కర్‌తో తెరంతా అద్దాలి. గ్లాస్‌ను పొడి తెర మీద సరిగా అమర్చి, ఒక పక్క రెండు టేపు ముక్కలు అంటించి, తలుపులా తెరిచి, కింది కాగితం అప్పుడే లాగి మూయాలి. రేణువు పడితే చేత్తో ముట్టకుండా, టేపుతో అంచు ఎత్తి, స్టిక్కర్‌తో రేణువును అద్ది తీసి, మళ్లీ దించాలి. కొట్టులో వేయించుకుంటే రోడ్డు పక్క ఫ్యాను కింద కాకుండా లోపలి బల్ల దగ్గర వేయమని అడగడంలో తప్పులేదు.

మన్నిక సంగతికొస్తే, గాజు పగిలేదాకా కొత్తగానే కనిపిస్తుంది. జిడ్డు అంటనివ్వని పూత మాత్రం నెలలు గడిచేకొద్దీ అరుగుతుంది. ఫిల్మ్ ఎండకు పసుపుబారుతుంది, అందులోనూ చవకరకం త్వరగా. రోజంతా ఎండలో హోల్డర్‌కు తగిలించిన ఆటో డ్రైవర్ ఫోన్‌కి ఇది చిన్న విషయం కాదు. మరో పక్క, పాత మోడల్‌కు గ్లాస్ దొరకనప్పుడు ఫిల్మే దిక్కు. కొట్టులోని కట్టింగ్ మెషిన్‌లో మోడల్ పేరు ఎంచుకుంటే బ్లేడు ఆ కొలతకే కోసి ఇస్తుంది.

ఇన్ని చూశాక నా తీర్పు ఇది. చదునైన తెర, చేతిలోంచి తరచూ జారే ఫోన్, ఇసుక కంకరల మధ్య పని: ఫుల్ గ్లూ టెంపర్డ్ గ్లాస్, దానికి తోడు అంచు ఎత్తైన కేసు. వంపు తెర, తెర కింద అల్ట్రాసోనిక్ సెన్సర్, గ్లాస్ దొరకని మోడల్: మంచి టీపీయూ ఫిల్మ్. ద్రవ జిగురు వద్దు, మడత తెర జోలికి పోవద్దు. కొట్టులో "ఎన్ని డి?" అని అడగడం మానేసి, "జిగురు పలకంతా ఉందా, అంచుకేనా?", "సెన్సర్ పనిచేయకపోతే మార్చి ఇస్తారా?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకూ తడుముకోకుండా సమాధానం చెప్పే చోటే ఫోన్ చేతికివ్వండి. డబ్బా మీది అంకె కన్నా ఆ సమాధానమే మీ తెరకు ఎక్కువ రక్షణ.