ఒక ఇల్లు, ఒక రాత్రి, ఒక స్త్రీ: చవక భయం ఖరీదు

దెయ్యం సినిమాకి పెద్ద హీరో అక్కర్లేదు. విదేశాల్లో పాటలు అక్కర్లేదు. ఊరి చివర ఒక ఇల్లు, నలుగురైదుగురు నటులు, చీకటి, కిర్రుమనే తలుపు చప్పుడు ఉంటే చాలు. చేతిలో డబ్బు లేని దర్శకులు మొదటి సినిమాకి భయాన్ని ఎంచుకోవడం వెనుక ఉన్న లెక్క ఇదేనని అందరూ అంటారు. ఆ లెక్కలో ఒక పద్దు మాత్రం ఎప్పుడూ రాయకుండా వదిలేస్తారు. ఆ ఇంట్లో ఒంటరిగా తిరగడానికి ఒక స్త్రీ కావాలి. స్టారు లేని చోట ఆమె శరీరమే పెట్టుబడి, ఆమె అరుపే ప్రచారం. తెలుగులో తక్కువ ఖర్చుతో తీసిన దెయ్యం సినిమాల్ని వరసగా చూస్తున్నప్పుడు నన్ను వెంటాడింది దెయ్యాలు కావు, ఈ రాయని పద్దే.

దీన్ని విజయవాడ నుంచి చూడటానికి కారణం ఉంది. 1921లో మారుతీ సినిమా హాలు వెలసిన ఊరు ఇది. గాంధీనగర్ వీధుల్లో దశాబ్దాల పాటు పంపిణీదారుల ఆఫీసులే సినిమాల జాతకాలు రాశాయి. ఏ సినిమా కృష్ణా ఏరియాలో ఎంతకి పోతుంది, ఏది అసలు హాలు మొహం చూడదు అనే తీర్పులు అక్కడే జరిగేవి. హీరో పేరు లేని సినిమాని కొనాలంటే పంపిణీదారుడు పోస్టరు చూపించమంటాడు. ఆ పోస్టరు మీద ఏముండాలో చెప్పేది కథ కాదు, బేరం. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ప్రింట్ల ఖర్చు తగ్గిందన్నారు గానీ, తెరకి ఇంత అని కట్టాల్సిన రుసుము చిన్న నిర్మాతకి కొత్త భారమైంది. మొదటి మూడు రోజుల్లో జనం రాకపోతే ఆట ఎత్తేస్తారు. కాబట్టి మొదటి రోజుకే పిలిచే బొమ్మ కావాలి. ఆ బొమ్మ దాదాపు ఎప్పుడూ స్త్రీదే.

విజయవాడలో ఇంజనీరింగ్ చదివిన రామ్‌గోపాల్ వర్మ 'శివ' (1989)లో ఆ ఊరి కాలేజీ అనుభవాన్ని మగవాళ్ల హింసగా తెరకెక్కించారు. ఆ తర్వాత 1992లో వచ్చిన 'రాత్రి'లో భయం ఒక మధ్యతరగతి ఇంట్లోకి మారింది. రేవతి నటించిన ఆ కాలేజీ అమ్మాయి మొహం మీదే సినిమా అంతా నిలబడింది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. 'శివ'లో కోపం వచ్చిన అబ్బాయి సైకిల్ చైను లాగితే హీరో అయ్యాడు. 'రాత్రి'లో అదే వయసు అమ్మాయి గొంతు పెంచితే, కళ్లెర్రజేస్తే, ఆమె ఆమె కాదు, ఆమెకేదో పట్టింది. ఆడపిల్ల కోపానికి మన సినిమా ఇచ్చిన అనుమతి పత్రం పూనకమే. అయినా రేవతి నటనని నేను తక్కువ చేయలేను. ఆ అమ్మాయిని కెమెరా ఒక మనిషిగా చూసింది. ఆమె భయపడితే మనం ఆమెతో పాటు భయపడ్డాం.

ఇరవై ఏళ్ల తర్వాత రవిబాబు తీసిన 'అవును' (2012)లో ఈ సంబంధం తలకిందులైంది. కొత్తగా పెళ్లయిన జంట కొత్త ఇంట్లో దిగుతుంది. ఆ ఇంటిని వదలని మగ దెయ్యం భార్యని కోరుకుంటుంది. ఆమె పేరు మోహిని. మన జానపద విశ్వాసంలో మోహిని అంటే మగవాణ్ణి వలలో వేసుకునే ఆడ దెయ్యం. ఇక్కడ ఆ పేరు బతికున్న స్త్రీది, వెంటాడేవాడు మగవాడు. ఆలోచన వరకు చూస్తే ఇది సాహసమే. ఇంట్లో కనిపించకుండా తిరిగే, అనుమతి అడగని, ఎదిరించడానికి చేతికందని మగ కోరిక అనే భయం ఏ స్త్రీకి తెలియదు? పూర్ణ దాన్ని నిజాయితీగా నటించింది కూడా.

చిక్కు కెమెరాతోనే. బట్టలు మార్చుకునేటప్పుడు, స్నానం చేసేటప్పుడు దెయ్యం ఆమెని చూస్తున్నట్లు మనకి చెప్పాలి. అందుకు కెమెరా దెయ్యం చోట నిలబడుతుంది. అంటే ప్రేక్షకుడు కూడా అక్కడే నిలబడతాడు. నేను ఆ సినిమాని విజయవాడలో ఒక హాల్లో, బాల్కనీలో, ఇద్దరు స్నేహితురాళ్లతో చూశాను. భయపడాల్సిన ఆ సన్నివేశంలో కింద నుంచి ఈలలు వినిపించాయి. మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ క్షణంలో తెర మీద దెయ్యం ఒక్కటే, హాల్లో వందమంది. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసంలో సినిమా చూపు పురుషుడిదని సిద్ధాంతీకరించింది. ఆ సిద్ధాంతాన్ని నేను పుస్తకంలో చదివినప్పుడు కాదు, ఆ ఈలలు విన్నప్పుడు ఒళ్లంతా అర్థం చేసుకున్నాను. ఆ సినిమా మగ చూపుని దోషిగా నిలబెట్టింది, అదే చూపుకి టిక్కెట్టూ అమ్మింది.

'ఐస్‌క్రీమ్' (2014) నాటికి ఆ రెండోదే మిగిలింది. ఒకే ఇల్లు, ఇంట్లో ఒంటరిగా ఒక అమ్మాయి, ఫ్లోక్యామ్ అనే కొత్త పరికరం. తక్కువ డబ్బుతో సినిమా తీయడం ప్రజాస్వామికమని వర్మ వాదన. సూత్రంగా నేనూ ఒప్పుకుంటాను. కానీ విడుదలకి ముందు చర్చ చాలావరకు కథానాయిక ఒంటి మీద బట్టల చుట్టూ తిరిగింది. కెమెరా ఖర్చు తగ్గినంత మాత్రాన చూపు ఖర్చు తగ్గదు. దాన్ని కట్టేది నటి.

ప్రచారం నటి నుంచి ఎంత తీసుకోగలదో చెప్పడానికి మన దేశం దాటి ఒక ఉదాహరణ చూడాలి. 1999లో అమెరికాలో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' చిన్న సినిమాల ప్రచారానికి పాఠ్యపుస్తకం అంటారు. ముగ్గురు నటుల్ని వాళ్ల సొంత పేర్లతోనే తెర మీదకి తెచ్చి, వాళ్లు అడవిలో నిజంగా మాయమైపోయారని నమ్మించారు. హెదర్ డోనహ్యూ తల్లికి సానుభూతి కార్డులు వచ్చాయి. కూతురు బతికుండగానే. ఆ సినిమాలో చాలా భాగం చిత్రీకరించిన చేతులు కూడా హెదర్‌వే. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసిన సినిమా ఆమెకి తెచ్చిపెట్టింది ఆ ఏటి చెత్త నటి అనే వెక్కిరింపు బహుమతి. తర్వాత ఆమె నటన మానేసింది, పేరే మార్చుకుంది. 2024లో ఆ ముగ్గురూ తమకి న్యాయంగా రావాల్సిన డబ్బు కోసం బహిరంగంగా అడగాల్సి వచ్చింది. తక్కువ ఖర్చు అని మనం మెచ్చుకునే చోట, ఎవరికి తక్కువ ఇచ్చారు అని అడగడం విమర్శకుల పని.

మన దగ్గరి ప్రచారాల్లో నాకు మరిచిపోలేనిది 'ఫూంక్' (2008) పందెం. హాల్లో ఒంటరిగా కూర్చుని సినిమా మొత్తం చూస్తే 5 లక్షల రూపాయలు ఇస్తామన్నారు. ఇది ఎవర్ని ఊహించుకుని పెట్టిన పందెం? చీకటి హాల్లో ఒంటరిగా కూర్చోవడం మగవాడికి ధైర్య పరీక్ష. స్త్రీకి అది రోజూ లెక్క వేసుకునే ప్రమాదం. ఉయ్యూరులోనో గుడివాడలోనో సెకండ్ షోకి ఒంటరిగా వెళ్లి, అర్ధరాత్రి బస్టాండులో నిలబడి ఇంటికి చేరే అమ్మాయికి బహుమతి ఎవరూ ప్రకటించలేదు. పైగా ఎందుకు వెళ్లావని అడుగుతారు.

ఈ జిల్లాల్లో అన్యాయంగా చనిపోయిన ఆడదాన్ని గుర్తుపెట్టుకునే పద్ధతి సినిమా కన్నా పాతది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న పెనుగంచిప్రోలులో మునేరు ఒడ్డున తిరుపతమ్మ గుడి ఉంది. అత్త ఆరళ్లు పడ్డ కోడలు, పులి వాత పడ్డ భర్త గోపయ్యతో పాటు అగ్నిలో కలిసిందని కథ. ఊరు ఆమెని పేరంటాలుగా కొలిచింది, తిరునాళ్లు చేసింది, 1963లో సినిమా కూడా తీసింది. ఈ పూజని నేను పొగడటం లేదు. బతికుండగా ఆరళ్లు ఆపని ఊరు, చచ్చాక పసుపు కుంకుమలు పెట్టి తన తప్పుని మాఫీ చేసుకుంది. అయినా పేరంటాలికి ఒక పేరుంది, ఊరుంది, ఆమె పడ్డ బాధకి కథలో చోటుంది. మన దెయ్యం సినిమాల్లో చనిపోయిన స్త్రీకి మిగిలేది ఇంటర్వెల్ తర్వాత పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్. మచిలీపట్నం నుంచి వచ్చిన మారుతి నిర్మాణంలో పాలుపంచుకున్న 'ప్రేమకథా చిత్రమ్' (2013) విజయం తర్వాత వరస కట్టిన హాస్య దెయ్యాల్లో ఆ పది నిమిషాలు కూడా రెండు జోకుల మధ్య ఇరుక్కున్నాయి.

'మసూద' (2022) దగ్గర ఆగాలి. భర్తని వదిలి కూతుర్ని ఒంటరిగా పెంచుకుంటున్న టీచరు నీలంగా సంగీత నటన నాకు ఊరట. ఆమె ఒంటరితనాన్ని సినిమా తప్పుగా చూపలేదు, పక్కింటి అబ్బాయి చేసే సాయాన్ని ప్రేమకథగా మార్చలేదు. కానీ భయానికి తొడిగిన రూపం నల్ల బురఖా. ఒక తల్లికి ఇచ్చిన మానవత్వాన్ని మరో సమాజపు స్త్రీ వేషం నుంచి తీసేసుకుంది. విజయవాడ పాతబస్తీలో ఆ బురఖాలో కూరగాయలు కొంటూ, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకుంటూ తిరిగే వాళ్లు, ఆ పోస్టరు ముందు నుంచి నడిచినప్పుడు ఏమనుకుని ఉంటారు? భయం ఎప్పుడూ ఎవరో ఒకరి ఒంటి మీద రాయబడుతుంది. ఎవరి ఒంటి మీద అన్నదే రాజకీయం.

అన్వితా దత్ హిందీలో తీసిన 'బుల్‌బుల్' (2020)లో ఊరంతా భయపడే చుడేల్ కథని ఆమె పడ్డ హింస వైపు నుంచి చెప్పింది. దాని లోపాలు దానికున్నాయి. ఆ హింసని అందంగా చూపడం నాకు నచ్చలేదు. కానీ అక్కడ దెయ్యం ఎవరు అనే ప్రశ్న అడిగింది ఒక స్త్రీ.

తెలుగులో దెయ్యం సినిమాని తిట్టి వదిలేయమని నేను అనను. తక్కువ డబ్బుతో, హీరో పేరు లేకుండా, స్త్రీ చుట్టూ కథ నడిపే వీలు మన వ్యాపార సినిమాలో మిగిలిన కొద్ది చోట్లలో ఇదొకటి. 2012లో 'ఈ రోజుల్లో' తీసిన కెనాన్ 5డి లాంటి కెమెరా ఈనాడు కాలేజీ అమ్మాయికీ అందుతుంది. ఇల్లు ఎలాగూ ఆమెదే. చీకటి ఆమెకి కొత్త కాదు. వెనక అడుగుల చప్పుడు, మేడ మీద నుంచి చూసే కళ్లు, అర్ధరాత్రి మోగే ఫోను, మూసిన తలుపు వెనక సొంత మనిషి, వీటన్నిటికీ సెట్టింగులు అక్కర్లేదు. ఆమె కెమెరా పట్టుకున్న రోజు హాల్లో ఈలలు ఆగి, ఈల వేసినవాడు మొదటిసారి తన వెనక్కి తిరిగి చూసుకుంటాడు. నేను చూడాలనుకుంటున్న దెయ్యం సినిమా అది.