పేరు లేని బటన్

మా స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైట్‌ని నేను మొదటిసారి విన్నది పోయిన ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం. అప్పటిదాకా చూడటమే. చూపులేని మిత్రుడొకాయన, బ్యాంకు ఉద్యోగి, తన ల్యాప్‌టాప్‌లో మా పేజీ తెరిచారు. ఆయన వాడేది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధుడు 2006లో మొదలుపెట్టిన, తెర మీదున్నది చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్ అది. మౌస్ ముట్టుకోకుండా ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్తున్నారు. ఒకచోట ఆ గొంతు "బటన్" అని ఊరుకుంది.

"ఇది దేనికండీ?" అన్నారు.

అది విరాళం బటన్. గుండె బొమ్మ పెట్టాం, వెనక పేరు రాయలేదు. "అమ్మ పేరు మీద ఒక పిల్ల చదువుకి ఇద్దామని రెండుసార్లు ప్రయత్నించానండీ. కుదరక ఊరుకున్నా" అన్నారాయన. వికలాంగ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లిచ్చే సంస్థ మాది. చూపులేని మనిషి మా గుమ్మంలోకి ఇవ్వడానికి వస్తాడన్న ఊహే మాకు రాలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

బటన్‌కి పేరు పెట్టడం నిమిషం పని. పేజీ భాష తెలుగని కోడ్‌లో చెప్పడమూ అంతే. నెలలు పట్టింది కరపత్రాలకి. మా పీడీఎఫ్‌లన్నీ అను ఫాంట్లలో కొట్టించినవి. కంటికి తెలుగే, లోపల మాత్రం తెలుగు ఆకారం తొడుక్కున్న ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. స్కాలర్‌షిప్ నిబంధనలన్నీ, అది తెలుగుగానే చదవగలిగే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశాం. తెలుగులో ఇలా మూగపడి ఉన్న కాగితాలు ఇంకెన్నో అనుకుంటే గుండె బరువెక్కుతుంది.

అన్నిటికన్నా కష్టం ఫొటోలకు వర్ణన రాయడం. ఫొటో కనపడనివారికి దాని బదులు వినిపించే ఒకటి రెండు వాక్యాలవి. 'బాలిక ఫొటో' అంటే ఏమీ చెప్పనట్టే. 'మూడు చక్రాల బండి మీద కాలేజీ గేటు దాటుతున్న అమ్మాయి, ఒళ్లో రికార్డు పుస్తకాలు' అంటే ఆ అమ్మాయి కళ్లముందుకొస్తుంది. తర్వాతి ఫొటోకి 'చిరిగిన చొక్కాతో, చెయ్యి చాచి, దీనంగా చూస్తున్న కుర్రాడు' అని రాసి, పైకి చదువుకుని, ఆగిపోయాను. ఏళ్ల తరబడి మా మొదటి పేజీలో ఉన్న ఫొటో అది. చూసినంతకాలం ఏమీ అనిపించలేదు. మాటల్లో పెట్టేసరికి ఆ పిల్లవాడికి మేం చేసిందేమిటో తెలిసింది. ఫొటో తీసేశాం.

ఇవన్నీ దయ కాదు, హక్కు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. కేవైసీ కోసం కెమెరా ముందు కనురెప్పలు ఆర్పమంటే ఆర్పలేకపోయిన యాసిడ్ దాడి బాధితులు కోర్టుకెక్కిన కేసు అది. తీర్పు గురించి చదివిన రాత్రి మా ఫారం తెరిచి చూశాను. వంకర అక్షరాల క్యాప్చా ఇంకా అలాగే ఉంది. మర్నాడే తీయించాం.

పోయిన నెల ఆ మిత్రుడు విరాళం ఇచ్చారు, ఎవరి సాయమూ లేకుండా. సాయంత్రం ఫోన్ చేశారు. పన్ను మినహాయింపు రసీదు అందిందిట. సంతకం పెట్టి స్కాన్ చేసి పంపిన బొమ్మ కదా, వాళ్లమ్మ పేరు సరిగ్గా పడిందో లేదో ఆయనకి తెలియలేదు. నన్ను చదివి చెప్పమన్నారు. చదివాను. ఈ వారం ఆ రసీదు పని మీదే ఉన్నాం.