కోస్తా బ్రావా తీరమున సైకిలు విద్య

సైకిలుపై దూరయాత్ర పిక్కబలము గలవారి వినోదమని తలంచువారు, స్పెయిను దేశపు ఈశాన్య మూలనున్న కాటలోనియాలో, జిరోనా నగరము మొదలుకొని సముద్రతీరమందలి తోసా దె మార్ వరకు పోవు బాటను ఒక్క దినము పట్టి చూచినచో, ఆ విద్యలో బలముకంటె పొదుపునకే పెద్దపీట యని గ్రహింపక మానరు. 1908లో ఫెర్రాన్ అగుల్యో అను పాత్రికేయుడు కోస్తా బ్రావా యని పేరుపెట్టిన ఆ తీరమున కొండలు తిన్నగా కడలిలోనికి దిగును. చదునైన నేల అరుదు. చదును లేనిచోటనే తొక్కువాని నేర్పు బయటపడును.

ఈ నేర్పునకు శాస్త్రమువంటిది కల్పించినవాడు స్పెయినువాడు కాడు, పొరుగున ఫ్రాన్సులో సెంట్ ఎతియెన్ పట్టణవాసి పాల్ ద వివీ (1853–1930). 'వెలోసియో' అను కలము పేరుతో, 1887లో తాను స్థాపించిన పత్రికయందు ఆతడు యాత్రికులకు కొన్ని నియమములు విధించెను: ఆకలి కాకమునుపే తినవలెను, దాహము కాకమునుపే త్రాగవలెను, తొలి గంటలలో సత్తువనంతయు వెచ్చింపరాదు, పరుల మెప్పునకై తొక్కరాదు. ఆకలి రుచి యెరుగదని నమ్మి, కడుపు కాలినపిమ్మటనే విస్తరి ముందు కూర్చుండు మనకు మొదటి నియమము విపరీతముగా తోచవచ్చును. కాని కండరములలో నిలువయున్న శక్తి అడుగంటిన క్షణమున కాళ్లు ఉన్నట్టుండి చచ్చుపడును. అప్పుడు ఎంత తినినను అది ఒంటబట్టుటకు చాల సేపు పట్టును. దారిలో ఉన్నంతసేపు మద్యమాంసములు ముట్టవద్దనియు చెప్పిన ఆ ఫ్రెంచివాడు మన పెద్దలకు మిక్కిలి నచ్చియుండెడివాడు.

ఆతని అసలు కానుక గేరు మార్పిడి. ఎక్కుడు వచ్చినపుడు పెడలును బలముగా త్రొక్కుటకు మారుగా, ముందు పళ్లచక్రము చిన్నదిగను వెనుకది పెద్దదిగను ఉండునట్లు చెయినును మార్చి, తేలికగా, ఎక్కువ మారులు త్రిప్పుటయే ఆ రహస్యము. ముందు 48 పళ్లు, వెనుక 16 పళ్లు ఉన్నచో పెడలు ఒక్క చుట్టు తిరిగినంతనే చక్రము మూడు చుట్లు తిరిగి, బండి సుమారు 6 మీటర్లు సాగును. రెంటను 30 పళ్లే యున్నచో సుమారు 2 మీటర్లే సాగును, కాని మోకాలిపై భారము ఆ మేరకు తగ్గును. నిమిషమునకు 70 మొదలు 90 చుట్ల వరకు కాళ్లు ఒకే తాళమున ఆడుచుండవలెను. తాళము తప్పునట్లున్నపుడు గేరు మార్చవలెనే గాని నడుము వంచి పెనుగులాడరాదు. అదియు ఎక్కుడు మొదలు కాకముందే మార్చవలెను, ఏలయన బరువు పడిన చెయిను పళ్లనుండి పళ్లకు జరుగనేరక కరకరలాడును. గేరు మార్చుట ముసలివారి పని యని పోటీల నిర్వాహకులు ఈసడించి, ఫ్రాన్సు చుట్టు జరుగు మహాపోటీలో 1937 వరకు ఈ సాధనమును రానీయలేదు. యాత్రికులు మాత్రము అంతకు చాల ముందే దీనితో కొండలెక్కుచుండిరి. వినోదమునకై తొక్కువారు పందెగాండ్రకు దారిచూపుట నాకు ముచ్చటగా తోచును.

ఉదయపు దారి సులభమైనది. జిరోనానుండి సాంట్ ఫెలియు రేవు వరకు 1892లో 750 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలపై నడువనారంభించిన చిన్న రైలు 1969లో ఆగిపోయెను. ఆ కట్టయే నేడు సుమారు 40 కిలోమీటర్ల సైకిలు బాట. పాడుపడిన రైలుదారులను నడకకును సైకిలుకును అప్పగించు హరితమార్గముల పథకము 1993 నుండి స్పెయిను దేశమంతట సాగుచున్నది. ఆవిరియంత్రము నిటారు ఎక్కుడు ఎక్కలేదు గనుక, ఆనాటి ఇంజనీర్లు యంత్రమునకై చెక్కిన మెల్లని వాలు నేడు మానవుని మోకాళ్లకు వరమైనది. నల్లమట్టి పాత్రలకు పేరొందిన క్వార్ట్, బెండు పరిశ్రమకు పేరొందిన కస్సా, కొంచెము ఎత్తున ల్యాగొస్తెరా, అటుపై సముద్రము వైపు దిగుడు. దారికి ఆవల అడవులలో, బెరడు ఒలిచిన బెండు చెట్ల మ్రాకులు మొదట ఎర్రగా, పోనుపోను నల్లబడుచు కనబడును. పదిపన్నెండేండ్లకొకమారు ఆ బెరడు ఒలిచి సీసాల బిరడాలు చేయుదురు. ఆ బిరడాలను రేవునకు చేర్చుటయే ఆనాటి రైలుకు ముఖ్యమైన పని.

సాంట్ ఫెలియులో ఆగి తినవలెను. రొట్టెముక్కపై కోసిన టమాటను రుద్ది, ఆలివు నూనె ధారగా పోసి, ఉప్పు చల్లిన ఫలహారమును అక్కడివారు పా అంబ్ తుమాకెట్ అందురు. ఎండలో చెమటోడ్చువానికి పిండి, నూనె, ఉప్పు, తడి ఒక్కచోట దొరకుట సామాన్య విషయము కాదు.

అక్కడినుండి తోసా వరకు సుమారు 22 కిలోమీటర్లు ఘాటురోడ్డు. సంవత్సరమునకు ఎన్ని దినములో ఈ దారికి అన్ని మలుపులని స్థానికులు చెప్పుకొందురు. లెక్కపెట్టిన పుణ్యాత్ముడెవ్వడో గాని, తొక్కువానికి ఆ మాట అతిశయోక్తిగా తోచదు. దారి ప్రతి వాగు నోట లోనికి ముడుచుకొని, ప్రతి కొమ్ము చుట్టు వెలుపలికి వచ్చును. దిగినంతయు మరల ఎక్కవలెను. దిగుడున బ్రేకులు మలుపులో కాక మలుపునకు ముందే నొక్కవలెను. బండి వంగిన వైపు పెడలు పైకిని, రెండవది క్రిందికిని ఉంచి, బరువంతయు క్రింది పాదముపై మోపవలెను. చూపు చక్రము ముందరి కంకరపై నిలువక, మలుపు ముగియు తావునకు పోవలెను, ఏలయన కన్ను ఎటు పోవునో బండియు అటే పోవును. ఎదుటివారు కనబడని మలుపున మధ్యగీత దాటుట ప్రాణాంతకము. వెనుకనుండి వచ్చు కారు సైకిలువానికి కనీసము ఒకటిన్నర మీటరు ఎడమిచ్చి దాటవలెనని ఆ దేశపు చట్టము. సాధారణముగా ఇత్తురు కూడ.

తోసా పాతకోట, దాని గుండ్రని బురుజులు సముద్రముపైకి వచ్చి నిలిచినవి. ఏవా గార్డ్‌నర్ అను నటి నటింపగా 1951లో విడుదలయిన ఒక చిత్రమునకై ఆమె ఇచట కొంతకాలమున్నందున, ఆమె కంచుబొమ్మ ఆ కోటలో వెలసినది. విగ్రహముకంటె బురుజునీడ యాత్రికునకు మేలు.

ఇక గాలి సంగతి. వేసవి దినములలో మధ్యాహ్నము దాటినపిమ్మట నైరుతి దిశనుండి గార్బీ యను సముద్రపు గాలి లేచును. తోసా సాంట్ ఫెలియుకు నైరుతిననే యున్నది. అందుచేత తెలిసినవాడు చీకటితో లేచి జిరోనా విడిచి, గాలి ముదరకముందే తోసా చేరి, ఎండ వాలినపిమ్మట అదే దారిన తిరిగివచ్చును. పోవునపుడు ఎదురుగాలి కావలసినది వచ్చునపుడు వీపున తట్టును. మరియు స్పెయినులో బండ్లు మనవలె ఎడమప్రక్కన కాక కుడిప్రక్కన నడచును గనుక, పోవునపుడు కొండగోడ వెంట సాగిన సైకిలు వచ్చునపుడు సముద్రపు అంచున సాగును. వెనుకగాలిలో వేగము తెలియక పెరుగును. బ్రేకులపై వేళ్లు ఉంచుకొనియే ఈ దారిని దిగవలెను.