పరభాషాబోధన – పరిహాసము

లండనులో ఒక సాయంకాలపు పాఠశాల. ఇంగ్లీషు నేర్వవచ్చిన పలుదేశాల వయోజనులు. వారికొక ఓర్పుగల ఉపాధ్యాయుడు. 1977లో బ్రిటిష్ టెలివిజన్‌లో ఆరంభమైన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ అనే హాస్య ధారావాహికకు ఇదియే రంగస్థలము. దీని సృష్టికర్త విన్స్ పవెల్. ఇందులో జర్మన్ యువతి కఠిన. ఫ్రెంచి యువతి విలాసిని. చైనా యువతి చేతిలో ఎప్పుడును మావో సూక్తుల పుస్తకమే. సిక్కుకును పాకిస్తానీకిని నిత్యకలహము. వ్యక్తి నోరు విప్పకముందే అతని స్వభావము జాతిని బట్టి నిర్ణయమై ఉన్నది. ఈ మూసచిత్రణ అభ్యంతరకరమని తలచి, కార్యక్రమాధిపతి మైకేల్ గ్రేడ్ 1979లో దీనిని నిలిపివేసెను.

అయినను ఆ ఫక్కి నశింపలేదు. 1993లో దూరదర్శన్ దీనిని ‘జబాన్ సంభాల్ కే’ అను పేర హిందీలోనికి తెచ్చినది. పంకజ్ కపూర్ ధరించిన ఉపాధ్యాయుని ముందు ఆంగ్లేయునితోపాటు తమిళుడును విద్యార్థియే. హిందీ తరగతిలో స్వదేశీయుడును పరదేశి వలెనే నవ్వులపాలగుట ఇందలి విశేషము.

ఈ రచనలలో ఆత్మీయత లేదనుట అన్యాయము. విరోధులు సైతము ఒకే బల్లవద్ద కూర్చుందురు. లోపము మరియొకచోట ఉన్నది. భాషాదోషమును ఇవి జాతిదోషముగా చూపును. జపాను విద్యార్థి ఇంగ్లీషు మాటల చివర ‘ఓ’ చేర్చగా ప్రేక్షకులు నవ్వుదురు. కాని జపాను భాషలో పదములు ప్రాయికముగా అచ్చుతో ముగియును. అతడు తన భాషాధర్మమునే పాటించుచున్నాడు. ‘బస్’ను బస్సుగా, ‘రోడ్’ను రోడ్డుగా మార్చుకొన్న తెలుగువాడు చేసినదియు అదియే. తన భాష అజంతమని గర్వించువాడు ఆ జపానీయుని చూచి నవ్వుట ఎట్లు?

హిందీ నేర్చు తెలుగువాడు పుస్తకము స్త్రీలింగమనియు, కాగితము పుంలింగమనియు గుర్తింపలేక తడబడును. తెలుగులో ఆ రెండును ‘అది’యే. ఆ తడబాటు మాంద్యము కాదు. మాతృభాష వేసిన ముద్ర.

కావున ఇట్టి దృశ్యములను తరగతినుండి వెలివేయనక్కరలేదు. ఉపాధ్యాయుడు దృశ్యమును చూపి, నవ్వు ముగిసిన పిదప అడుగవలసిన ప్రశ్నలు రెండు: ఈ తప్పు మనిషిదా, అతని భాష నేర్పినదా? మనలను గూర్చి వారు ఇట్లే వ్రాసినచో అందులో మన ముఖము మనకు కనిపించునా? పరభాష నేర్చుట యనగా మాటలు నేర్చుట మాత్రమే కాదు. తన నవ్వును తాను పరీక్షించుకొనుట కూడ.