వదులు పట్టే వేళ్లు

టేకులపల్లి లాంటి ఏజెన్సీ ఊళ్ల గతుకుల దారుల్లో నలిగిన పాత మహీంద్రా సీజే3బీ జీపుకు ప్రాణం పోసేది పెయింటు పని కాదు, స్టీరింగ్ పని. 1953 నాటి విల్లీస్ నమూనా అది. డ్రాగ్ లింకు బెల్ క్రాంకును తిప్పుతుంది, అది చక్రాలను తిప్పుతుంది. ఆ బెల్ క్రాంకు పిన్ను, బుష్షు కాస్త అరిగినా స్టీరింగ్ దగ్గర వదులు పెద్దదై తెలుస్తుంది. మంచి మెకానిక్ స్టీరింగ్‌ను ఇటూ అటూ ఆడించమని, కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి వదులు ఎక్కడుందో పట్టేస్తాడు. లేతు మీద తీసిన బుష్షు దించి, నకిల్ బేరింగుల షిమ్ములు సరిచూస్తాడు.

కొత్త సామాను వేస్తే పోలా అంటారు. బుష్షు కూర్చునే రంధ్రమే కోడిగుడ్డులా సాగితే కొత్తదీ నిలవదు. పాతదాన్ని నమ్మడం ప్రమాదమన్నదీ నిజమే. అందుకే అరిగిన బాల్ జాయింటును, పగిలిన ఆర్మును వెల్డింగు పెట్టకుండా పారేయడమూ ఈ విద్యలో భాగం. ఏది బాగుచేయాలో, ఏది మార్చాలో తెలిసినవాడి కూలి దగ్గర బేరమాడకండి.