వేళకాని వేళలో వేడన్నం

డొక్కా సీతమ్మగారిని తలచుకున్నప్పుడల్లా ఆమె దయాగుణం గురించే చెప్పుకుంటాం, పనితనం ఊసెత్తం. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వెళ్లి, 1909లో కన్నుమూసేదాకా గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఎంతమంది వస్తారో తెలిసిన పెళ్లివంట వేరు, తెలియని వంట వేరు. అర్ధరాత్రి పడవ దిగినవాడికి వేడన్నం వడ్డించాలంటే పొయ్యిలో నిప్పు నివురు కింద బతికుండాలి, బియ్యం ముందే చెరిగి ఉండాలి, కట్టెలు వాన తగలని చోట ఉండాలి, ఊరగాయ జాడీ అడుగంటకూడదు. పెద్ద గుండిగలో అన్నాన్ని అడుగు మాడకుండా, పైన పలుకు మిగలకుండా దించడం చెయ్యి తిరిగితేగాని రాదు. ఇది అచ్చంగా విద్యే.

భర్త జోగన్నగారికి పొలాలుండబట్టి సాగింది, ఇందులో ఆమె గొప్పేముంది అనేవారుంటారు. నిజమే, గాదెలో గింజ లేకుండా దానం జరగదు. కాని కోనసీమలో గాదెలు నిండిన ఇళ్లు ఇంకా ఎన్నో ఉండేవి, వాటన్నిటి పేర్లూ నిలవలేదు. ధాన్యాన్ని అన్నం చేసి, ఆకలివేళకు ఆకులో వేసిన శ్రమ దగ్గరే తేడా ఉంది. ఇలా పెడితే జనం సోమరులవుతారన్న వాదన రేవు దాటి అలసి వచ్చిన ప్రయాణికుడికి వర్తించదు. గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టింది. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది. అయితే ఆ పేరు పెట్టుకున్నాక బడి వంటగదిలో పొగకు కళ్లు మండుతూ నిలబడే వంటమ్మకు నెలనెలా డబ్బు వేళకు అందాలి.