కర్మాగారమూ పాఠశాలా: ఒక విమర్శ

పరకాల నుండి భూపాలపల్లి పోయే దారిలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము ఉన్నది. అందులో 500 మెగావాట్ల మొదటి యూనిట్టు 2010లోను, 600 మెగావాట్ల రెండవ యూనిట్టు 2016లోను ఉత్పత్తి ప్రారంభించినవి. చుట్టుప్రక్కల పిల్లలకు దాని పొగగొట్టము గుడి గోపురమంత పరిచయము. లోపల పని చేయుటకు కావలసిన చదువు మాత్రము అంత పరిచయము కాలేదు. ఈ దూరము తగ్గవలెనంటే పరిశ్రమలూ పాఠశాలలూ చేతులు కలపవలెనని అందరూ అంటున్నారు. మాట మంచిదే. ఏ షరతుల మీద కలపవలెనన్నదే ప్రశ్న.

మన రాష్ట్రములో ఇందుకు పెద్ద ఉదాహరణ 2024లో ప్రభుత్వము టాటా టెక్నాలజీస్ సంస్థతో చేసికొన్న ఒప్పందము. 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చుటకు ఏర్పడిన ఈ పథకము విలువ సుమారు 2,324 కోట్ల రూపాయలు, గడువు పదేండ్లు, వ్యయములో ఎక్కువ భాగము సంస్థది. రోబోటిక్స్, సి.ఎన్.సి. యంత్రాల పని, విద్యుత్ వాహనాల మరమ్మతు, ఉత్పత్తి ప్రక్రియల నియంత్రణ మొదలైనవి పాఠ్యాంశములు. పాత లేతు మీద నేర్చుకొని, కొత్త కర్మాగారములో తెల్లమొగము వేసిన కుర్రవానిని చూచినవారెవరూ ఈ ప్రయత్నమును కాదనరు.

అయితే యంత్రమును నడుపుట వేరు, యంత్రమును తెలిసికొనుట వేరు. ఒక్క ఉదాహరణ చాలును.

పెద్ద విద్యుత్కేంద్రములో టర్బైనుకు పోయే ఆవిరి వేడి సుమారు 540 డిగ్రీల సెంటిగ్రేడ్. దీనిని థర్మోకపుల్‌తో కొలుస్తారు. రెండు వేర్వేరు లోహపు తీగలను అతికి, ఒక అతుకును వేడిలోను, మరొక దానిని చల్లని చోటను ఉంచితే స్వల్పమైన వోల్టేజి పుట్టును. ఇది 1821లో సీబెక్ కనిపెట్టిన విషయము. అనగా మీటరుకు నేరుగా తెలిసేది రెండు చోట్ల వేడిలోని భేదము మాత్రమే. చల్లని చోటి వేడిని వేరుగా కొలిచి దానికి కలుపుకొనవలెను. ఆ కొలత చెడి, 45 డిగ్రీలున్న చోటును మీటరు 30గా లెక్కించినదనుకొందము. అప్పుడు 540 డిగ్రీల ఆవిరి సుమారు 525గా కనబడును. మీట నొక్కుట మాత్రమే నేర్చినవాడు వేడి తగ్గినదని పెంచును. మీటరు 540 చూపునప్పటికి అసలు వేడి 555కు చేరును. అంత వేడిలో ఉక్కు మెల్లగా సాగి, గొట్టముల ఆయుస్సు తరుగును. సూత్రము తెలిసినవాడు మీటరునే అనుమానించును.

ఈ అనుమానించే శక్తినే మనము పాఠశాలలో ఇవ్వవలసియున్నది. ఒప్పందము పదేండ్లు, పదునెనిమిదేండ్ల కుర్రవాడు పని చేయవలసినది నలభై ఏండ్లు. ఈలోగా యంత్రములు ఎన్ని మారునో! సీబెక్ సూత్రము మారదు. కాని ఇటువంటి పథకములను గురించి మాటలాడునప్పుడు కోట్లు, యంత్రాలు, సీట్లు లెక్కకు వచ్చినంతగా భౌతికశాస్త్రపు గంటలు లెక్కకు రావు. నా ఫిర్యాదు ఇదే.

ఇది పరిశ్రమలకు ఇష్టము లేని కోరిక అనుకొనరాదు. పశ్చిమ జర్మనీ 1969లో వృత్తి శిక్షణకు చట్టము చేసినది. నేటికీ జర్మనీలో శిక్షణ పొందేవాడు వారమునకు మూడు నాలుగు దినములు కర్మాగారములోను, ఒకటి రెండు దినములు వృత్తి పాఠశాలలోను గడుపును. పరీక్షా సంఘములో యజమానుల ప్రతినిధులూ కార్మికుల ప్రతినిధులూ సమసంఖ్యలో ఉందురు. ఉపాధ్యాయుడు కూడ ఉండితీరవలెను. మన 1961 నాటి అప్రెంటిస్ చట్టము కూడ పనితో పాటు సిద్ధాంత బోధన ఉండవలెనన్నది.

కనుక ప్రతి కొత్త యంత్రము ప్రక్కన ఒక ప్రయోగశాల బల్ల ఉండవలెను. సంస్థ నిపుణునితో పాటు ప్రభుత్వ ఉపాధ్యాయుడు కూడ ఆ యంత్రముపై శిక్షణ పొందవలెను; గడువు తీరిన తరువాత పాఠము చెప్పవలసినవాడు అతడే. పరీక్షలో “ఎట్లు నడుపుదువు?” అన్న ప్రశ్న వెంట “ఎందుకు అట్లు నడుచును?” అన్న ప్రశ్న రావలెను. చెల్పూరు పిల్లవాడు ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిననాడు ఏ కర్మాగారపు గేటు ముందైనా ధైర్యముగా నిలబడగలడు.